ఎక్కడం ఊపిరి పని, దిగడం తొడల పని: మొదటి కొండ పరుగుకు ఒక లెక్కల టీచరు సలహాలు

మహారాష్ట్రలోని సతారాలో కొండ హాఫ్ మారథాన్ పరుగెత్తి తిరిగి వచ్చిన నాలుగో రోజు కూడా మా బడి మెట్లు వెనక్కి తిరిగి దిగాను. నా తరగతి గది రెండో అంతస్తులో ఉంది. పైకి ఎక్కడానికి ఏ ఇబ్బందీ లేదు. దిగబోయి మొదటి మెట్టు మీద బరువు వేయగానే మోకాలి పైన కండరం వణికి కాలు ముడుచుకుపోయింది. రెయిలింగు పట్టుకుని, గోడవైపు తిరిగి, ఒక్కొక్క మెట్టూ దిగుతుంటే ఏడో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి నా చేతిలోని సంచీ అందుకుంది. మూడు నెలలు కష్టపడి కొండ ఎక్కడం నేర్చుకున్నాననీ, దిగడం మాత్రం ఒక్క రోజు కూడా నేర్చుకోలేదనీ ఆ నాలుగు రోజుల్లో అర్థమైంది.

ఇప్పుడు మా చెల్లెలి కూతురు అదే పరుగుకు పేరు ఇచ్చింది. "పెద్దమ్మా, కొండ ఎలా ఎక్కాలి?" అని ఫోనులో అడిగింది. దిగడం గురించి అడగలేదు, మొదటిసారి నేనూ ఎవరినీ అడగలేదు. దానికి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీరూ మొదటిసారి కొండ పరుగుకు సిద్ధపడుతున్నట్లయితే పనికొస్తాయి.

నేను విశాఖపట్నంలో లెక్కల టీచర్ని. నలభై ఒకటో ఏట పరుగు మొదలుపెట్టాను. సతారాలో రెండుసార్లు పరుగెత్తాను. మొదటి ఏడాది 3 గంటల 4 నిమిషాలు, మరుసటి ఏడాది 2 గంటల 43 నిమిషాలు. తేడా ఇరవై ఒక్క నిమిషాలు. అందులో ఎక్కేటప్పుడు మిగిలింది నాలుగు నిమిషాలే. తక్కిన పదిహేడూ దిగేటప్పుడు మిగిలినవే.

ముందు కొండ లెక్క చూసుకోండి

పుణేకు దక్షిణాన దాదాపు 110 కిలోమీటర్ల దూరంలో ఉంది సతారా. అక్కడ 2012 నుంచి కొండ హాఫ్ మారథాన్ జరుగుతోంది. 2015లో దానికి గిన్నిస్ రికార్డు కూడా దక్కింది. పోలీసు పరేడ్ మైదానం దగ్గర మొదలై, ఊరి వీధులు దాటి, యవతేశ్వర్ ఘాట్ ఎక్కి, కాస్ పీఠభూమికి వెళ్ళే రోడ్డు మీద సగం దూరంలో వెనక్కి మళ్ళి, వచ్చిన దారినే కిందికి రావాలి. మొత్తం 21.1 కిలోమీటర్లు. స్థూలంగా మొదటి సగం ఎక్కుడు, రెండో సగం దిగుడు. దారంతా తారురోడ్డే కాబట్టి కొండ పరుగు ఎరగని వాళ్ళకు ఇది మంచి మొదలు.

కొండ పరుగు అంటే అన్నిచోట్లా తారురోడ్డు ఉంటుందని అనుకోవద్దు. నా పాత విద్యార్థి ఒకడు ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తూ అక్కడి పెంట్‌లాండ్ కొండల్లో పరుగెత్తుతాడు. అక్కడ గడ్డి, బురద, రాళ్ళే దారి. వాన ఆపే కోటు, దారి పటం, దిక్సూచి, ఈల దగ్గర లేకపోతే చాలా పరుగుల్లో గీత దగ్గర నిలబడనివ్వరట. బ్రిటన్‌లో కొండ పరుగులను తరగతులుగా విడదీస్తారు. సగటున కిలోమీటరుకు 50 మీటర్లకు తగ్గకుండా ఎక్కవలసి వస్తే అది 'ఎ' తరగతి, 20 మీటర్లయితే 'సి'. సతారాలో ఎక్కుడు మొత్తం మూడు, నాలుగు వందల మీటర్ల మధ్య ఉంటుంది. ఇరవై ఒక్క కిలోమీటర్లకు పంచితే వాళ్ళ 'సి' తరగతికి కూడా అందదు. అయినా నా తొడలు నాలుగు రోజులు పనిచేయలేదు. పేరు ఇచ్చేముందు దూరం ఒక్కటే చూడకండి, ఎంత ఎత్తు ఎక్కాలో, ఎక్కడ ఎక్కాలో, నేల ఎలాంటిదో చూడండి.

ఎంత సమయం పడుతుందో తెలుసుకోవడానికి నేను వాడే లెక్క 1892 నాటిది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు నడిచేవాళ్ళ కోసం చెప్పాడు: ప్రతి మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు ఇంకో గంట. మూడు మైళ్ళంటే 15,840 అడుగులు. రెండు వేలతో భాగిస్తే 7.92 వస్తుంది. అంటే ఒక మీటరు ఎత్తు ఎక్కడం, చదును నేల మీద ఎనిమిది మీటర్లు పోవడంతో సమానం. 350 మీటర్ల ఎక్కుడును ఎనిమిదితో హెచ్చిస్తే 2,800 మీటర్లు. కాబట్టి సతారా నాకు 21.1 కిలోమీటర్ల పరుగు కాదు, దాదాపు 24 కిలోమీటర్ల పరుగు. మా బీచ్ రోడ్డులో హాఫ్ మారథాన్ దూరం నాకు 2 గంటల 20 నిమిషాలు పడుతుంది. ఆ వేగంతో 24 కిలోమీటర్లకు 2 గంటల 39 నిమిషాలు. రెండో ఏడాది నాకు పట్టినది 2 గంటల 43. మొదటి ఏడాది ఈ లెక్క వేయలేదు, రెండున్నర గంటల లోపే వచ్చేస్తానని మా వారితో చెప్పి బయలుదేరాను. ఆయన ముగింపు గీత దగ్గర అరగంటకు పైగా గొడుగు పట్టుకుని కంగారుగా నిలబడ్డారు. ఈ లెక్కతో వచ్చిన సమయాన్ని నిర్వాహకులు ఇచ్చే గడువుతో పోల్చి చూసుకోండి. రెంటికీ మధ్య కనీసం ఇరవై నిమిషాలు మిగలకపోతే ఈ ఏడాదికి చిన్న దూరం ఎంచుకోండి.

సాధన: పన్నెండు వారాలు, వారానికి రెండు కొండలు

చదును నేల మీద ఆగకుండా పది కిలోమీటర్లు పరుగెత్తగలిగాకే కొండ సాధన మొదలుపెట్టండి. నలభై దాటినవాళ్ళు, రక్తపోటో చక్కెర వ్యాధో ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకోండి. ఎక్కుతున్నప్పుడు ఛాతీలో నొప్పి, బిగువు, కళ్ళు తిరగడం వంటివి కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. ఇంకో మలుపు దాకా చూద్దాం అనుకోకూడదు.

వారానికి నాలుగు రోజులు పరుగు చాలు. రెండు రోజులు చదును మీద, మాట్లాడుకుంటూ పోగలిగే వేగంతో. ఒక రోజు చిన్న వాలు: రెండు మూడు వందల మీటర్ల ఏటవాలు రోడ్డు ఎంచుకుని, ఎక్కి దిగడం నాలుగుసార్లతో మొదలుపెట్టి, వారానికి ఒకటి చొప్పున ఎనిమిది దాకా పెంచండి. ఆదివారం పెద్ద కొండ. మాకు విశాఖలో కైలాసగిరి ఘాట్ రోడ్డు ఉంది, సింహాచలం ఉంది. కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర దణ్ణం పెట్టుకుని మెట్లు ఎక్కడం మొదలుపెడితే వెయ్యి మెట్ల దాకా ఊపిరికి మంచి పరీక్షే. మెట్లు దిగడం మాత్రం వాలు మీద దిగడం లాంటిది కాదు. మెట్టు దగ్గర పాదం బల్లపరుపుగా పడుతుంది, ఏటవాలులో అలా పడదు. అందుకే నేను మెట్ల మీదుగా ఎక్కి రోడ్డు మీదుగా దిగుతాను. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచాను. అది పరుగు సాధన అని ఎవరూ అనరు గానీ, రాత్రంతా కాళ్ళ మీద ఉండే ఓర్పు దాని వల్లే వచ్చిందని నా నమ్మకం. సతారాకు అప్పటికి సుమారు రెండు నెలలు ఉంటుంది, కోలుకోవడానికి వ్యవధి ఉంది.

హైదరాబాద్ వాళ్ళకు ఫ్లైఓవర్లు ఉన్నాయి, బంజారాహిల్స్ రోడ్లు ఉన్నాయి. తిరుపతి వాళ్ళకు అలిపిరి ఉంది. కోనసీమలోనో దివిసీమలోనో ఉన్నవాళ్ళకు కనుచూపు మేర కొండ ఉండదు. అయినా ఫరవాలేదు. ఎక్కడానికి ఏ అపార్ట్‌మెంటు మెట్లయినా చాలు. దిగే బలానికి గుంజిళ్ళు ఉన్నాయి. మామూలుగా కాదు, కిందికి వెళ్ళేటప్పుడు మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా, పైకి ఒక్క అంకెలో లేవాలి. పన్నెండు చొప్పున మూడు విడతలు. ఇంకొకటి వంటింటి పీటతో చేసేది. జానెడు ఎత్తున్న గట్టి పీట ఎక్కి నిలబడండి. ఒక కాలు పీట మీదే ఉంచి, మోకాలు నెమ్మదిగా వంచుతూ రెండో కాలి మడమను నేలకు తాకించి, బరువు వేయకుండా మళ్ళీ పైకి రండి. కాలికి పది. మొదటి వారం గోడ పట్టుకోవచ్చు. మోకాలు లోపలికి వాలకుండా, కాలి రెండో వేలికి నేరుగా ఉండేలా చూసుకోండి. నేను కుక్కరు మూడు కూతలు వేసేలోపు రెండు కాళ్ళకీ ఈ పని ముగిస్తాను.

ఎక్కేటప్పుడు పదమూడో ఎక్కం

చదును మీద పరుగెత్తేవాళ్ళు గడియారం చూసుకుంటూ వేగాన్ని పట్టుకుంటారు. కొండ మీద ఆ అలవాటు పక్కన పెట్టాలి. ఎక్కేటప్పుడు ఒకేలా ఉండవలసింది శ్రమ, వేగం కాదు. వాలు పెరిగితే వేగం దానంతట అది తగ్గాలి, తగ్గనివ్వాలి. శ్రమ ఎలా కొలవాలి అంటే, నేను పదమూడో ఎక్కం చెప్పుకుంటాను. పైకి వినబడేలా, మెల్లగా. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది" దాకా ఒక్క ఊపిరిలో వచ్చిందంటే పరుగు సరిగ్గా ఉంది. రెళ్ళ దగ్గరే ఆగి గాలి పీల్చవలసి వస్తే అడుగు ఇంకా చిన్నది చేయాలి. "పదమూడు ఒకట్ల" అనగానే రొప్పు వస్తే నడవాలి. గుండె వేగం చూపించే గడియారం లేకపోయినా ఇది పనిచేస్తుంది. లెక్క తప్పారంటే అది కూడా ఒక సూచనే. అలసిన మెదడు ముందు ఎక్కాల్లోనే తడబడుతుంది.

అడుగు చిన్నదిగా, తరచుగా వేయండి. పాదం శరీరం కిందే పడాలి, ముందుకు చాచకూడదు. నడుము దగ్గర వంగితే ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. చీలమండల దగ్గర నుంచి మనిషి మొత్తం కొద్దిగా ముందుకు వాలాలి. చూపు నాలుగైదు మీటర్ల ముందుకు. కొండ కొసను చూడొద్దు. చేతులు మొలకు కాస్త పైన వెనక్కీ ముందుకీ ఆడాలి, ఛాతీకి అడ్డంగా కాదు.

నడవడం ఓటమి అనుకునేవాళ్ళు ఉన్నారు. నిటారుగా ఉన్నచోట మీ పరుగు వేగం, మీ చురుకైన నడక వేగం ఒకటే అయిపోతాయి. అటువంటప్పుడు పరుగెత్తితే అదనంగా వచ్చేది ఆయాసమే. నేను ఘాట్ మధ్యలో కరెంటు స్తంభాలు లెక్కపెడతాను: రెండు స్తంభాలు పరుగు, ఒకటి నడక. పూర్తిగా అలసిపోయాక నడవడం కాదు ఇది, అలసట రాకముందే ముందుగా వేసుకున్న లెక్క ప్రకారం నడవడం. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. నడిచేటప్పుడు అరచేతులు మోకాళ్ళకు కాస్త పైన తొడల మీద ఆనించి నొక్కుతూ అడుగు వేస్తే పిక్కల మీద భారం తగ్గుతుంది.

మలుపుల దగ్గర ఒక చిన్న రేఖాగణితం. జడపిన్ను లాంటి మలుపులో లోపలి అంచు పొట్టి, బయటి అంచు పొడవు. ఎక్కే ఎత్తు మాత్రం రెంటికీ ఒకటే. కాబట్టి లోపలి అంచు నిటారుగా ఉంటుంది. దూరం కలిసి వస్తుందని లోపలికి దూరితే నాలుగు అడుగులు మిగిలి, ఊపిరి ఖర్చవుతుంది. నిర్వాహకులు కేటాయించిన వైపు దాటకుండా, వీలైనంత బయటి అంచున వెళ్ళండి. సాధన రోజుల్లో వాహనాలు తిరిగే రోడ్డు మీద మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు. అప్పుడు బండి కనబడే వైపే సరైన వైపు.

దిగడం నేర్చుకోవాలి

ఘాట్ రోడ్లు చాలావరకు వంద మీటర్లకు అయిదారు మీటర్లు లేచేలా వేస్తారు. అటువంటి వాలులో కిందికి పరుగెత్తడానికి శక్తి తక్కువ ఖర్చవుతుంది, ఊపిరి తేలిగ్గా ఆడుతుంది. మనల్ని మోసం చేసేది ఈ తేలికే. ఊపిరి బాగుంది కదా అని కాళ్ళు కూడా బాగున్నాయనుకుంటాం.

తొడ ముందు కండరం సంగతి చూడండి. ఎక్కేటప్పుడు అది కుంచించుకుంటూ బలం ఇస్తుంది. దిగేటప్పుడు ప్రతి అడుగులో మోకాలు వంగుతుంటే, అది సాగుతూనే ఒళ్ళంతటి బరువును ఆపి పట్టుకోవాలి. కిరాణా బస్తాను లారీ మీదికి ఎత్తే హమాలీకి, జారిపోతున్న బస్తాను పట్టి నిలిపే హమాలీకి ఉన్న తేడా ఇది. సాగుతూ బరువు మోసినప్పుడు కండరపు పోగుల్లో సూక్ష్మమైన చిరుగులు పడతాయి. అందుకే నొప్పి అప్పటికప్పుడు రాదు, మర్నాడు మొదలై రెండో రోజుకు ముదురుతుంది. నాకు మొదటి ఏడాది వెనక్కి మళ్ళినప్పుడు ఎంతో హాయిగా అనిపించింది. ఎక్కుతుండగా నన్ను దాటినవాళ్ళను ఒక్కొక్కరినే దాటుకుంటూ, మడమలు టపటపా కొడుతూ, పెద్ద అంగలతో దిగాను. నాలుగు కిలోమీటర్ల తరవాత తొడలు బరువెక్కాయి. పదహారో కిలోమీటరు దాటాక ఎడమ కాలు పట్టేసింది. అక్కడి నుంచి ఊరి దాకా నడకే. వాన పడుతోంది, రోడ్డు పక్క పిల్లలు చేతులు చాచి చప్పట్లు కొట్టమంటున్నారు, నాకు వాళ్ళ దగ్గరికి పక్కకు అడుగు వేయడం కూడా కష్టమైంది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మంచి సంగతి ఏమిటంటే, ఈ కండరానికి జ్ఞాపకం ఎక్కువ. ఒక్కసారి గట్టి దిగుడు తట్టుకున్న కండరానికి, కొన్ని వారాలలోపు మళ్ళీ అదే పని పడితే దెబ్బ చాలా తక్కువగా తగులుతుంది. కాబట్టి సాధనలో దిగుడును ఒక మందులా, కొద్ది కొద్దిగా పెంచుతూ ఇవ్వాలి. మొదటి వారం అర కిలోమీటరు వాలు చాలు. నొప్పి పూర్తిగా తగ్గాకే రెండోసారి. ఆరో వారానికి రెండు మూడు కిలోమీటర్లు, తొమ్మిదో వారానికి అయిదు కిలోమీటర్ల దాకా ఆగకుండా దిగగలగాలి. చివరి గట్టి దిగుడు పరుగు రోజుకు రెండు వారాల ముందే అయిపోవాలి. ఆ తరవాత కొండ జోలికి వెళ్ళొద్దు, చదును మీద తేలిగ్గా కాళ్ళు ఆడిస్తే చాలు.

ఎలా దిగాలో ఒక్కొక్కటే చెబుతాను. మొదట మడమ. మడమను ముందుకు చాచి నేలకు కొట్టడమంటే ప్రతి అడుగుకూ బ్రేకు వేయడమే. దెబ్బ మోకాలికీ తొడకీ పోతుంది. పాదం మధ్య భాగం, ఒంటికి సరిగ్గా కిందే పడాలి. మోకాలు కాస్త వంగే ఉండాలి, కర్రలా బిగవకూడదు. అడుగు చదును మీద కన్నా చిన్నదిగా, మరింత చురుగ్గా వేయాలి. పెనం మీద నీళ్ళ చుక్కలు గెంతినట్టు అని మా చెల్లెలి కూతురికి చెప్పాను. భయం వేస్తే మనిషి వెనక్కి వాలతాడు, వెనక్కి వాలితే పాదం ముందుకు జారుతుంది. కాబట్టి ఒళ్ళు వాలుకు లంబంగా ఉండాలి, అంటే మీకు మీరు కాస్త ముందుకు పడుతున్నట్టు అనిపించాలి. చేతులు పక్కలకు కొద్దిగా విప్పండి. సన్నని గట్టు మీద నడిచే పిల్లలకు ఇది ఎవరూ నేర్పరు, వాళ్ళకే వస్తుంది. వేగం అదుపు తప్పుతోందనిపిస్తే అంగ పొడవు తగ్గించాలి తప్ప మడమతో ఆపకూడదు. దవడ వదులు చేసి చూడండి, భుజాలు కూడా వదులవుతాయి.

చూపు ఎక్కేటప్పటికన్నా ముందుకు, పది మీటర్ల దాకా ఉండాలి. వానలో తారు కన్నా దాని మీది తెల్లగీతలు ఎక్కువ జారతాయి. చెట్ల నీడ పడే అంచుల్లో పాచి ఉంటుంది. వేగ నిరోధకాల పసుపు రంగు, మ్యాన్‌హోల్ మూతలు, పేడ, ఎవరో పారేసిన అరటి తొక్కలు, ఇవన్నీ దిగేటప్పుడే ప్రమాదం.

బూట్లు, బట్టలు, తిండి

దిగేటప్పుడు పాదం బూటులో ముందుకు జరిగి బొటనవేలి గోరు నల్లబడుతుంది. గోళ్ళు మూడు రోజుల ముందే కత్తిరించండి, ముందురోజు రాత్రి కాదు. బూటులో పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పు అంత ఖాళీ ఉండాలి. లేసులను చీలమండ దగ్గర ఉండే ఆఖరి రంధ్రం దాకా ఎక్కించి బిగిస్తే మడమ కదలదు. ఆ రంధ్రాన్ని చాలామంది వాడరు, అది ఉన్నదే అందుకు. కొత్త బూట్లతో వెళ్ళొద్దు, అట్ట అరిగిన పాతవాటితోనూ వెళ్ళొద్దు.

మా విశాఖ ఉక్కపోతకు అలవాటు పడినవాళ్ళకు ఆ వానాకాలపు సతారా చలిగానే ఉంటుంది. నూలు చొక్కా తడిస్తే బరువెక్కి ఒంటికి రాసుకుంటుంది, పాలియెస్టర్ బనియనే మంచిది. చంకలు, తొడల మధ్య, స్పోర్ట్స్ బ్రా అంచుల కింద పెట్రోలియం జెల్లీ దట్టంగా రాయండి. ఆడవాళ్ళు ఈ బ్రాను కనీసం రెండు గంటల పరుగులో పరీక్షించాకే పరుగు రోజు వేసుకోవాలి. మొదలయ్యే దాకా వానలో నిలబడడానికి ఒక పెద్ద ప్లాస్టిక్ సంచికి తలకీ చేతులకీ కంతలు చేసి తొడుక్కున్నాను, బయలుదేరే ముందు తీసి చెత్తబుట్టలో వేశాను. ముఖం మీద వాన పడకుండా ముందు అంచున్న టోపీ. ముగింపు దగ్గర ఇచ్చే సంచిలో పొడి బట్టలు, తువ్వాలు, చెప్పులు.

తిండిలో కొత్తదనం వద్దు. ముందురోజు రాత్రి నేను ఎక్కడున్నా అన్నం, పప్పు, పెరుగు వెతుక్కుంటాను. ఉదయం పరుగుకు రెండు గంటల ముందు రెండు అరటిపళ్ళు. దారిలో గింజ తీసిన నాలుగు ఖర్జూరాలు, చిన్న పల్లీ చిక్కి ముక్క. చిక్కిని ఎక్కుతూ నమలలేం, వెనక్కి మళ్ళే చోట తినాలి. ఖర్జూరం నలభై నిమిషాలకు ఒకటి. నీళ్ళు దాహం వేసినంత మేరకే. చల్లగా ఉంది కదా అని అసలు తాగకపోవడం, ఇచ్చారు కదా అని ప్రతిచోటా గ్లాసులకొద్దీ తాగడం, రెండూ ముప్పే.

ఆ రోజు

విశాఖ నుంచి వెళ్ళేవాళ్ళు కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో పుణేలో దిగి, అక్కడి నుంచి బస్సులో సతారా చేరవచ్చు. శుక్రవారానికే చేరుకుంటే శనివారం కాళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది. శనివారం అజింక్యతారా కోట పైకి ఎక్కాలనీ, కాస్ పీఠభూమి మీది పూలు చూడాలనీ మనసు లాగుతుంది. అవి సోమవారానికి ఉంచండి. మర్నాటి మెల్లని నడక నొప్పికి మంచిది కూడా.

ఉదయం గుంపు కదలగానే అందరూ ఊరి వీధుల్లో దూసుకుపోతారు. డోలు మోతలు, పూలు చల్లే పెద్దవాళ్ళు, చిన్నపిల్లల కేకలు. కాళ్ళు తెలియకుండానే వేగం అందుకుంటాయి. ఎక్కం చెప్పుకోండి. మొదటి మూడు కిలోమీటర్లు మీకు విసుగు పుట్టేంత నెమ్మదిగా పోయారంటే సరిగ్గా పోయారు. ఘాట్‌లో రెండు స్తంభాలకు ఒక నడక. వెనక్కి మళ్ళే చోట ఒక నిమిషం ఆగండి: చిక్కి తినండి, రెండు గుక్కల నీళ్ళు తాగండి, లేసులు విప్పి మళ్ళీ బిగించండి. నేను రెండో ఏడాది ఆగిన ఆ ఒక్క నిమిషానికి ఎంతో లాభం పొందాను. దిగుడు మొదటి రెండు కిలోమీటర్లు వేగాన్ని ఆపి ఉంచండి. పదిహేడో కిలోమీటరు దగ్గర తొడలు ఇంకా మీ మాట వింటుంటే అప్పుడు వదలండి.

ముగిశాక వెంటనే కూర్చోవద్దు. పావుగంట నడిచి, బట్టలు మార్చుకుని, ఉప్పు వేసిన మజ్జిగో, పండ్లో, ఏదో ఒకటి తీసుకోండి. తరవాత అక్కడి పాల మిఠాయి, సతారా కందీ పేడా. మరుసటి వారమంతా పరుగు మానేయండి, నడవండి. నొప్పి మాత్రల జోలికి పోకుండా ఉండగలిగితే మేలు. నొప్పి ఒకే చోట, ఎముక మీద, రోజురోజుకీ పెరుగుతుంటే అది కండరం నొప్పి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి మా మరిదిగారు నన్నూ, మా చెల్లెలి కూతురినీ ఘాట్ రోడ్డు పైదాకా కారులో దింపుతారు. మొదటి పాఠం కాబట్టి అర కిలోమీటరే, అదీ కిందికి మాత్రమే. ఆ తరవాత కారు వచ్చే దాకా రోడ్డు పక్కన నిలబడి దానికి పదమూడో ఎక్కం వచ్చో రాదో అప్పజెప్పించుకుంటాను.